మన బడికి రాని మాస్టారు: జె.బి.ఎస్. హాల్డేన్

ఈ స్వర్ణోత్సవ సంచికలో చాలామంది మనకు చదువు చెప్పిన సార్లను, టీచర్లను తలచుకుంటారు. తలచుకోవాలి కూడా. నేను మాత్రం మన బడి మెట్లు ఎన్నడూ ఎక్కని ఒక మాస్టారి గురించి రాస్తానని సంపాదక వర్గంతో చెప్పాను. వాళ్ళు సరేనన్నారు. బర్కత్‌పుర నుంచి చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి నడిచి వెళ్ళి చదువుకున్న రోజుల్లో ఆయన పేరు మొదటిసారి చూశాను. తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా జువాలజీ లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. క్లాసులో నేను అందరికంటే ఎక్కువసార్లు పలికిన పేరు కూడా ఆయనదే. జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్. పుట్టింది ఇంగ్లండులో, కన్నుమూసింది భువనేశ్వర్‌లో. ఆయన దేహం చివరికి చేరింది మన కాకినాడకు.

జన్యుశాస్త్రంలో హాల్డేన్ పేరు తెలియనివారు ఉండరు. సుమారు 400 పరిశోధనా వ్యాసాలు, 20కి పైగా పుస్తకాలు, లెక్కలేనన్ని పత్రికా వ్యాసాలు ఆయన ఖాతాలో ఉన్నాయి. కానీ ఆయన ఖాతాలో లేని వ్యాసాలు కూడా కొన్ని ఉన్నాయి. ఆలోచన ఆయనది, దారి చూపింది ఆయన, అచ్చయిన పేరు మాత్రం శిష్యుడిది. ఒక పండితుడి పనిని ఎలా లెక్కపెట్టాలి అన్న ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఆ రెండో జాబితాలోనే ఉంది. అందుకే ఈ వ్యాసం.

హాల్డేన్ 1892 నవంబర్ 5న ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియ మీద, బొగ్గుగనుల్లోని విషవాయువుల మీద పనిచేసిన శాస్త్రవేత్త. ప్రయోగం ప్రమాదకరమైతే ముందు తన ఒంటిమీదే చేసుకునేవారు. కొడుకును చిన్నప్పటి నుంచే వెంటబెట్టుకుని గనుల్లోకి దిగేవారు. అలా ప్రయోగశాల ఆ పిల్లవాడికి ఇంట్లో వంటగదిలా అలవాటైంది. చిత్రమేమిటంటే, ఈటన్‌లోనూ ఆక్స్‌ఫర్డ్ న్యూ కాలేజీలోనూ చదివి ఆయన సంపాదించిన పట్టా విజ్ఞానశాస్త్రంలో కాదు. మొదట గణితంలో, ఆ తర్వాత గ్రీకు, లాటిన్ సాహిత్యంలోనూ తత్వశాస్త్రంలోనూ మొదటి శ్రేణి తెచ్చుకున్నారు. సైన్సులో డిగ్రీ లేకుండానే సైన్సు ప్రొఫెసర్ అయ్యారు. ఈ మాట చెప్పినప్పుడల్లా నా క్లాసులో ఆఖరి బెంచీ పిల్లలు నిటారుగా కూర్చునేవారు.

చెల్లెలు నయోమి, అన్న కలిసి ఇంట్లో గినీ పందుల్ని పెంచి, ఏ పిల్లకు ఏ రంగు వచ్చిందో రాసుకునేవారు. ఈ నయోమియే తర్వాత నయోమి మిచిసన్ అనే పేరుతో ప్రసిద్ధ రచయిత్రి అయ్యారు. గినీ పందుల తర్వాత ఎలుకలు వచ్చాయి. ఏ.డి. స్ప్రంట్ అనే మిత్రుడు ఈ పనిలో కలిశాడు. రెండు లక్షణాలు ఒకే క్రోమోజోము మీద జంటగా తరానికి దిగుతాయని ఎలుకల్లో చూపించిన వారి వ్యాసం 1915లో జర్నల్ ఆఫ్ జెనెటిక్స్‌లో వచ్చింది. అప్పటికి మొదటి ప్రపంచయుద్ధం నడుస్తోంది. హాల్డేన్ సైనికుడిగా యుద్ధరంగంలో ఉన్నారు. స్ప్రంట్ యుద్ధంలో చనిపోయాడు. వ్యాసం మీద మూడు పేర్లూ ఉన్నాయి: తనది, పోయిన స్నేహితుడిది, ఇంకా పద్దెనిమిదేళ్ళు దాటని చెల్లెలిది. జన్యుశాస్త్రంలో హాల్డేన్ ప్రచురణల జాబితాలో మొదటి అంకె అది. పనిచేసినవాడి పేరు పోకూడదన్న పట్టింపు అక్కడే మొదలైందని నాకనిపిస్తుంది.

మెసొపొటేమియాలో గాయపడ్డాక చికిత్సకు హాల్డేన్‌ను భారతదేశం పంపారు. ఈ దేశాన్ని ఆయన మొదటిసారి చూసింది అప్పుడే. మళ్ళీ వచ్చి స్థిరపడడానికి నలభై ఏళ్ళు పట్టింది. ఈలోపు ఆయన చేసిన పని ఎంత అంటే, ఒక్కో వ్యాసం మీద తర్వాతివాళ్ళు ఒక్కో జీవితకాలం పనిచేశారు.

1919లో క్రోమోజోము మీద జన్యువుల మధ్య దూరాన్ని కొలిచే సూత్రం ఇచ్చారు. ఆ కొలతకు సెంటీమోర్గాన్ అనే పేరు పెట్టింది ఆయనే. ఇవాళ వరిలో తెగులు తట్టుకునే జన్యువును వెదికే శాస్త్రవేత్త కూడా ఆ కొలతలోనే మాట్లాడతాడు. 1922లో ఇంకో నియమం చెప్పారు. రెండు భిన్న జాతుల్ని సంకరపరిచినప్పుడు పిల్లల్లో ఆడ మగల్లో ఒక లింగం మాత్రమే లోపిస్తేనో, అరుదైతేనో, గొడ్డుపోతేనో, అది రెండు వేర్వేరు లింగ క్రోమోజోములున్న లింగమే అవుతుందని. మనలాంటి జంతువుల్లో అది మగది. పక్షుల్లో, సీతాకోకచిలుకల్లో అది ఆడది. నూరేళ్ళు దాటినా ఈ హాల్డేన్ నియమం మీద పరిశోధనా వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. 1925లో జి.ఇ. బ్రిగ్స్‌తో కలిసి ఎంజైముల వేగానికి రాసిన సమీకరణం బయోకెమిస్ట్రీ చదివిన ప్రతివాడూ పరీక్షకు ముందు వల్లెవేసినదే.

1924 నుంచి పదేళ్ళపాటు, ప్రకృతి చేసే ఎంపికను గణితంలోకి దించుతూ ఒక వ్యాసమాల రాశారు. మొదటి వ్యాసంలోనే ఇంగ్లండులోని ఒక రెక్కపురుగు లెక్క వేశారు. 1848లో మాంచెస్టర్‌లో మొదటిసారి నల్లరంగు పురుగు కనబడింది. ఆ శతాబ్దం చివరికి అక్కడ దాదాపు అన్నీ నల్లవే. ఫ్యాక్టరీల పొగకు చెట్ల బెరళ్ళు నల్లబడ్డాయి, తెల్లపురుగులు పిట్టల కంటబడ్డాయి. యాభై ఏళ్ళలో ఇంత మార్పు రావాలంటే తెల్లవి రెండు పిల్లల్ని మిగిల్చిన చోట నల్లవి మూడింటిని మిగల్చాలని హాల్డేన్ లెక్క తేలింది. ప్రకృతి ఎంపిక అంత జోరుగా సాగుతుందని అప్పట్లో ఎవరూ అనుకోలేదు. 1950లలో కెటిల్‌వెల్ అడవుల్లో పురుగుల్ని వదిలి చూశాక, ఆ లెక్క అతిశయోక్తి కాదని తెలిసింది. రోనాల్డ్ ఫిషర్, సీవల్ రైట్, హాల్డేన్ ఈ ముగ్గురూ డార్విన్ సిద్ధాంతాన్నీ మెండెల్ సూత్రాలనీ ఒక్కటి చేసి, జనాభా జన్యుశాస్త్రమనే కొత్త శాఖకు పునాది వేశారు. హాల్డేన్ 1932లో వచ్చిన తన పుస్తకంలో ఈ సంగతంతా గణితం రానివారికి కూడా అర్థమయ్యేలా రాశారు.

మనుషుల జన్యువుల్లో మార్పు ఎంత తరచుగా వస్తుందో మొదట లెక్కగట్టినవారిలో ఆయన ఒకరు. 1935లో హీమోఫీలియా రోగుల లెక్కల నుంచి, సుమారు 50,000లో ఒక జన్యువు ప్రతి తరంలో కొత్తగా చెడుతుందని అంచనా వేశారు. 1947లో, ఆ కొత్త మార్పుల్లో ఎక్కువ భాగం తల్లి నుంచి కాదు, తండ్రి వైపు నుంచి వస్తుందని చూపించారు. డీఎన్‌ఏ రూపం కూడా తెలియని కాలంలో, కాగితం మీద పెన్సిలుతో తేల్చిన ఈ మాటను ఇవాళ జీనోమ్ యంత్రాలు ధ్రువపరుస్తున్నాయి.

మన ఊరికి దగ్గరి సంగతి ఇంకొకటుంది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. బేగంపేటలోని ఆ భవనం మనలో చాలామంది బస్సులోంచి చూసే ఉంటారు. యాభై ఏళ్ళ తర్వాత, 1949లో, అదే మలేరియాను హాల్డేన్ ఇంకో వైపు నుంచి చూశారు. తలసీమియా అనే రక్తజబ్బు కొన్ని ప్రాంతాల్లో అంత ఎక్కువగా ఎందుకుంది? ఇద్దరు తల్లిదండ్రుల నుంచీ చెడ్డ జన్యువు వచ్చిన బిడ్డకు అది ప్రాణాంతకం. మరి అలాంటి జన్యువు తుడిచిపెట్టుకు పోవాలి కదా? ఒక్క కాపీ మాత్రమే ఉన్నవారికి మలేరియాను తట్టుకునే శక్తి ఏదో ఉండి ఉంటుందని ఆయన ఊహించారు. ఒకరిని కాపాడేదే ఇద్దరు కలిస్తే బిడ్డను బలి తీసుకుంటుంది. 1954లో ఆంథొనీ అలిసన్ ఆఫ్రికాలో సికిల్ సెల్ జబ్బు విషయంలో సరిగ్గా ఇలాంటిదే నిరూపించాడు. ఇవాళ హైదరాబాద్‌లో తలసీమియా పిల్లలకు రక్తం ఇవ్వడానికి వెళ్ళే మన పూర్వ విద్యార్థులు ఉన్నారు. ఆ సీసాలోని రక్తం వెనక ఈ కథంతా ఉందని వారికి చెప్పాలనిపించి రాశాను.

ఇంత చెప్పాక ఆయన తప్పు కూడా చెప్పాలి. హాల్డేన్ కమ్యూనిస్టు. లండన్‌లోని డైలీ వర్కర్ పత్రికకు 300కు పైగా వ్యాసాలు రాసి, కూలిపనివాళ్ళకు కూడా సైన్సు చేరవేశారు. కానీ సోవియట్ దేశంలో లైసెంకో అనేవాడు ప్రభుత్వ అండతో జన్యుశాస్త్రాన్నే అణచివేసినప్పుడు, శాస్త్రవేత్తలు జైళ్ళ పాలైనప్పుడు, హాల్డేన్ గట్టిగా ఖండించలేదు. నసిగారు, సమర్థించబోయారు. చివరికి 1950 ప్రాంతంలో పార్టీకి దూరమయ్యారు. తన లెక్కల్లో దశాంశం దగ్గర కూడా రాజీపడని మనిషి, తన రాజకీయం దగ్గర రాజీపడ్డారు. పెద్దవాళ్ళను గౌరవించడమంటే వాళ్ళ లోపం కప్పిపెట్టడం కాదని పిల్లలకు చెప్పడానికి నాకు ఈ ఉదాహరణ పనికొచ్చింది.

1957లో, అరవై నాలుగేళ్ళ వయసులో, లండన్ యూనివర్సిటీ కాలేజీలో ప్రొఫెసర్ పదవి వదులుకుని, భార్య హెలెన్ స్పర్వేతో కలకత్తా వచ్చేశారు. ప్రశాంతచంద్ర మహలనోబిస్ ఆహ్వానం మీద ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. జుబ్బా, పైజామా వేసుకున్నారు. మాంసం మానేశారు. కొన్నేళ్ళకు భారత పౌరసత్వం తీసుకున్నారు. వస్తూ వస్తూ జర్నల్ ఆఫ్ జెనెటిక్స్‌ను కూడా వెంట తెచ్చారు. 1910లో బేట్‌సన్, పనెట్ స్థాపించిన ఆ పత్రికకు అప్పటికి ఆయనే సంపాదకుడు. తన మొదటి జన్యుశాస్త్ర వ్యాసం అచ్చయిన పత్రికే, ఇప్పుడు తన చేతుల మీదుగా కలకత్తా నుంచి వెలువడసాగింది.

పరికరాలు లేవు, నిధులు లేవు అనే మాట మన కాలేజీల్లో నేను విన్నంతగా ఇంకే మాటా వినలేదు. హాల్డేన్ ఈ దేశంలో ఉన్న ఏడేళ్ళూ ఆ మాటకు జవాబు చెప్పడానికే గడిపినట్టుంటుంది. యంత్రం లేకపోతే లెక్కపెట్టండి, కళ్ళున్నాయి, ఓపిక ఉంది, చుట్టూ జీవరాశి ఉంది అన్నది ఆయన పద్ధతి. ఎస్.కె. రాయ్ అనే శిష్యుడు పారిజాతం చెట్టు కింద కూర్చుని వేల పూల రేకుల్ని లెక్కపెట్టాడు. ఒకే చెట్టు పూలలో కొన్నిటికి ఐదు రేకులు, కొన్నిటికి ఆరు, కొన్నిటికి ఏడు ఎందుకుంటాయి, ఆ తేడాను చెట్టు ఎలా అదుపు చేసుకుంటుంది అన్నది ప్రశ్న. బర్కత్‌పుర పాత ఇళ్ళ ప్రహరీల పక్కన పొద్దున్నే రాలి ఉండే పూలే అవి. పూజకు ఏరుకున్నాం గానీ లెక్కపెట్టాలని మనకు తోచలేదు. టి.ఏ. డేవిస్ కొబ్బరిచెట్ల మట్టలు కుడివైపు మెలిక తిరుగుతాయా, ఎడమవైపు తిరుగుతాయా అని చూసి, ఆ మెలికకూ కాయల దిగుబడికీ ఉన్న సంబంధాన్ని పట్టుకున్నారు. సురేశ్ జయకర్ ఆయనతో కలిసి చేసిన గణితం జనాభా జన్యుశాస్త్రంలో ఇప్పటికీ పాఠమే.

ఇక మన తెలుగువాడు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఇరవై ఏళ్ళ కుర్రాడిగా హాల్డేన్ దగ్గర చేరాడు. పొలాల గట్ల మీద, రైలు పట్టాల పక్కన పెరిగే లాంటానా కంపను మనవైపు తలంబ్రాల చెట్టు అంటారు. వేర్వేరు రంగుల లాంటానా పూల మీద ఏ సీతాకోకచిలుక ఎన్నిసార్లు వాలుతుందో అతను లెక్కపెట్టాడు. ఒక రకం చిలుకలు ఒక రంగునే ఎంచుకుంటే, ఒకే చోట ఉంటూనే ఆ మొక్క రెండు జాతులుగా విడిపోయే అవకాశం ఉంటుందని వాదన. 1960లో ఆ వ్యాసం నేచర్ పత్రికలో వచ్చింది. పేరు ఒక్కటే ఉంది, ద్రోణంరాజుది. ఇరవై మూడేళ్ళ శిష్యుడి వ్యాసం మీద ప్రపంచ ప్రసిద్ధుడైన గురువు తన పేరు వేసుకోలేదు. మన ప్రాంతపు మగవాళ్ళ చెవుల మీద వెంట్రుకలు తండ్రి నుంచి కొడుక్కు దిగుతాయా అని తన వంశవృక్షంతోనే మొదలుపెట్టి అతను చేసిన అధ్యయనం కూడా అలాంటిదే. దశాబ్దాల తర్వాత డీఎన్‌ఏ పరీక్షలు ఆ లక్షణం వై క్రోమోజోము మీద లేదని తేల్చాయి. సైన్సులో అది అవమానం కాదు. ప్రశ్నను సరిగ్గా వేసినవాడి వల్లే దానికి జవాబు దొరికింది.

అన్నిటికన్నా మనకు దగ్గరిది మేనరికం మీద జరిగిన పని. దగ్గరి చుట్టాల పెళ్ళిళ్ళ గణితాన్ని హాల్డేన్ లండన్‌లో ఉండగానే, 1939లో పర్ల్ మోషిన్‌స్కీతో కలిసి రాశారు. కానీ అక్కడ అలాంటి పెళ్ళిళ్ళు అరుదు. ఇక్కడ మేనత్త కూతురు, మేనమామ కూతురు, అక్క కూతురు అన్నీ వరసైనవే. ద్రోణంరాజు, పి. మీరాఖాన్ కలిసి ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాలు ఎంత ఎక్కువ, వాటి ఫలితం ఏమిటి అని కుటుంబాల వివరాలు సేకరించి 1960లో, 1963లో ప్రచురించారు. ఆ వ్యాసాల మీద కూడా హాల్డేన్ పేరు లేదు.

ఈ లెక్క నాకు పాఠ్యపుస్తకంలోది మాత్రమే కాదు. మా అమ్మ మా నాన్నకు మేనమామ కూతురు. అంటే మా నానమ్మ, అమ్మ తండ్రి స్వయానా అక్కాతమ్ముళ్ళు. నా తర్వాత పుట్టిన తమ్ముడు నాలుగో ఏడు నిండకుండా పోయాడు. జబ్బు పేరు ఎవరూ చెప్పలేదు. నడక నేర్చినవాడు నడక మరిచిపోయాడు, తర్వాత మింగడం మరిచిపోయాడు. నానమ్మ మా అమ్మను ఒక్కరోజు కూడా వదిలిపెట్టలేదు. కడుపు మంచిది కాదంది. ఏ గ్రహణం నాడో గీత దాటిందంది. అమ్మ ఎన్నడూ ఎదురు చెప్పలేదు.

ఎమ్మెస్సీ చదువుతుండగా హాల్డేన్ బాటలో ఆ లెక్క నేనే వేశాను. మీరూ వేయవచ్చు, భిన్నాలు వస్తే చాలు. నానమ్మ తల్లిదండ్రుల్లో ఒకరి దగ్గర, పైకి కనబడని చెడ్డ జన్యువు ఒక్క కాపీ ఉందనుకోండి. అది నానమ్మకు వచ్చే అవకాశం సగం, ఆమె నుంచి నాన్నకు అందులో సగం, అంటే నాలుగో వంతు. అదే విధంగా తాతయ్య ద్వారా అమ్మకు నాలుగో వంతు. ఇద్దరి దగ్గరా ఉండే అవకాశం పదహారో వంతు. ఇద్దరి నుంచీ బిడ్డకు దిగే అవకాశం అందులో మళ్ళీ నాలుగో వంతు, అంటే 64లో ఒకటి. అక్క కూతుర్ని చేసుకుంటే ఇది 32లో ఒకటి అవుతుంది. ఎక్కువమంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. కానీ వేల ఇళ్ళలో మేనరికాలు జరిగే చోట ఆ ఒకటి ఎవరో ఒకరి ఇంట్లో పడుతుంది.

మా తమ్ముణ్ణి తీసుకుపోయినది ఇదేనని చెప్పడానికి నా దగ్గర ఏ పరీక్షా లేదు. కానీ ఒకవేళ ఇదే అయితే, అది అమ్మ ఒక్కదాని నుంచి రాలేదు. నాన్న దగ్గరా ఉంది. నాన్నకు ఇచ్చింది నానమ్మ. నిందించిన మనిషి ఒంట్లోనూ అదే ఉంది, ఆమెకు తెలియదు. ఎవరి తప్పూ కాదు. కాగితం మీద గీసిన వంశవృక్షం పట్టుకుని ఒక రాత్రి ఇదంతా అమ్మకు చెప్పాను. అప్పటికి నానమ్మ పోయి చాలా ఏళ్ళయింది. అమ్మ కాగితం వంక చాలాసేపు చూసి, నానమ్మ పేరు మీద వేలు పెట్టి, పాపం అత్తయ్యకు కూడా తెలియదు కదా అన్నట్టు తల ఊపింది. తర్వాత ఎప్పుడూ మా తమ్ముడి మాట వచ్చినా చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు. ఒక పరిశోధనా వ్యాసం ప్రభావం ఎంత అని నన్నెవరైనా అడిగితే, నేను చెప్పగలిగిన కొలమానం ఇది ఒక్కటే.

క్లాసులో మేనరికం పాఠం చెప్పిన రోజు, గంట కొట్టాక ఒకరో ఇద్దరో బల్ల దగ్గర ఆగేవారు. మా అమ్మానాన్నలది మేనరికం సార్, నాకేమైనా అవుతుందా అని. నీకేం కాదు, నువ్వు ఎదురుగా నిలబడే ఉన్నావు కదా, కానీ పెళ్ళికి ముందు ఇద్దరూ రక్తపరీక్ష చేయించుకోండి అనేవాణ్ణి. తలసీమియా జన్యువు మోస్తున్నారో లేదో ఒక మామూలు రక్తపరీక్ష చెబుతుంది. ఇద్దరూ మోస్తుంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. ముందే తెలిస్తే నిర్ణయం మన చేతిలో ఉంటుంది. మన నగరంలో ఉస్మానియా జెనెటిక్స్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, సీసీఎంబీ ఉంది. అడగడానికి సిగ్గుపడితే మాత్రం ఏ సంస్థా ఏమీ చేయలేదు.

పేర్ల సంగతికి వస్తాను. నేను పనిచేసిన ఒక చోట, రెండేళ్ళు చెరువు గట్టున కూర్చుని నత్తల్ని లెక్కపెట్టిన కుర్రాడి వ్యాసం అచ్చయి వచ్చినప్పుడు, వాడి పేరు అయిదోది. ముందున్న నలుగురిలో ఇద్దరు ఆ చెరువు చూడనైనా లేదు. ప్రమోషన్‌కు పాయింట్లు, పాయింట్లకు వ్యాసాలు. వాడు పరిశోధన మానేసి బ్యాంకు పరీక్షలు రాసుకున్నాడు. హాల్డేన్ జాబితా 400 దగ్గర ఆగింది. శిష్యుల వ్యాసాలన్నీ కలుపుకుని ఉంటే ఇంకా పెరిగేది. కలుపుకోలేదు కాబట్టి ద్రోణంరాజు ద్రోణంరాజు అయ్యాడు. తర్వాత అమెరికాలో స్థిరపడి, జీవితాంతం జన్యుశాస్త్రం మీద పుస్తకాలు రాశాడు. గురువు జీవితచరిత్ర కూడా అతనే రాశాడు. గురువు వదిలేసిన ఒక్కో పేరూ అలా వడ్డీతో తిరిగొచ్చింది.

సంస్థలతో హాల్డేన్‌కు ఎక్కువ కాలం పొసగలేదు. 1961లో మహలనోబిస్‌తో విభేదించి ఇన్‌స్టిట్యూట్ వదిలారు. మరుసటి ఏడాది బిజూ పట్నాయక్ పిలుపు మీద ఒడిశా వెళ్ళి భువనేశ్వర్‌లో పరిశోధనశాల మొదలుపెట్టారు. పని మాత్రం ఆగలేదు. భారతదేశానికి వచ్చిన ఏడాదే, ఒక జన్యువు స్థానంలో ఇంకొకటి పూర్తిగా రావడానికి ఒక జాతి ఎన్ని చావుల మూల్యం చెల్లించాలో లెక్కవేసి, సుమారు 300 తరాలకు ఒక్క మార్పు చొప్పున సాధ్యమని తేల్చారు. తన అంకెలు మారవలసి రావచ్చని ఆ వ్యాసంలోనే ఒప్పుకున్నారు. 1968లో జపాన్ శాస్త్రవేత్త మొటూ కిమురా ఆ లెక్కనే పట్టుకుని, ప్రొటీన్లలో మార్పులు అంతకంటే ఎంతో వేగంగా వస్తున్నాయి కాబట్టి వాటిలో చాలావరకు లాభనష్టాలు లేనివై ఉండాలని వాదించాడు. అణుస్థాయిలో పరిణామాన్ని చూసే తీరే దానితో మారిపోయింది. ఆ మార్పు చూడడానికి హాల్డేన్ లేరు.

1963 చివర్లో ఆయనకు పేగు క్యాన్సర్ అని తేలింది. లండన్‌లో ఆపరేషన్ చేయించుకుని, ఆసుపత్రిలో పడుకునే తన క్యాన్సర్ మీద హాస్యంగా ఒక పద్యం రాసి పత్రికకు పంపారు. జనం జబ్బును దాచుకోకుండా తొందరగా డాక్టరు దగ్గరకు వెళ్ళాలన్నది దాని సారం. అప్పట్లో క్యాన్సర్ అన్న మాటే ఇళ్ళలో గొంతు తగ్గించి పలికేవారు. 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు. తన దేహాన్ని వైద్యవిద్యార్థుల చదువుకు ఇచ్చేయాలని వీలునామా రాశారు. ఆ దేహం వచ్చింది కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు. అప్పటికి ఆ కాలేజీ పెట్టి ఆరేళ్ళు. తండ్రి దగ్గర చిన్నప్పుడు నేర్చిన పాఠాన్ని, ప్రయోగానికి ముందు తన ఒళ్ళే ఇవ్వాలన్నదాన్ని, ఆఖరి రోజు కూడా తప్పలేదు. ఆయన చివరి విద్యార్థులు తెలుగు పిల్లలు.

హెలెన్ స్పర్వే ఈ దేశం వదిలి వెళ్ళలేదు. ఆమె 1978లో మన హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. జర్నల్ ఆఫ్ జెనెటిక్స్ కొన్నేళ్ళు ఆగిపోయినా, 1985లో బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ దాన్ని మళ్ళీ నిలబెట్టింది. ఇవాళ్టికీ వస్తోంది.

ఈ సంచిక చదివే టీచర్లకు ఒక్క మనవి. మీ విద్యార్థి చేసిన పని మీద మొదటి పేరు వాడిదే ఉండనివ్వండి, అది సైన్స్ ఫెయిర్ చార్టు అయినా సరే. పూర్వ విద్యార్థులకు ఇంకో మనవి. మన సంఘం ఏటా రక్తదాన శిబిరం పెడుతోంది కదా, వచ్చే ఏడాది నుంచి దాని పక్కనే ఒక బల్ల వేసి, పెళ్ళి కావలసిన పిల్లలకు తలసీమియా పరీక్ష కూడా పెడదాం. ఖర్చులో నా వంతు ఇప్పుడే రాసుకోండి. ఆ బల్లకు ఎవరి పేరూ పెట్టనక్కర్లేదు.